పాత ఫియట్ సస్పెన్షన్ విప్పుతున్నారా? లోపల దాగిన ప్రమాదకరమైన పాత రిపేర్లను పట్టుకోవడం ఎలా

ప్రీమియర్ పద్మిని గానీ, దానికంటే ముందు వచ్చిన ఫియట్ 1100 డిలైట్ గానీ ఇంట్లో ఉన్నవాళ్లకు సస్పెన్షన్ (చక్రాల్ని బాడీకి పట్టి, గతుకుల దెబ్బ తట్టుకునే భాగాలు) పని ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. గతుకుల్లో కింద నుంచి చప్పుడు, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగడం, టైరు ఒక అంచున మాత్రమే అరిగిపోవడం, ఇలా ఏదో ఒకటి మొదలవుతుంది. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే బుష్ (కదిలే జాయింట్లలో ఉండే గొట్టం లాంటి తొడుగు) కిట్టు, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకి తిరగడానికి ఇరుసులా ఉండే నిలువు కడ్డీ) సెట్టు, షాక్ అబ్జార్బర్లు ముందే కొని సంచిలో వేసుకుని షెడ్డుకి వెళ్తారు. ఆ వరస మార్చండి. ముందు విప్పండి, కడగండి, ఒక్కో భాగాన్ని చేతిలోకి తీసుకుని చూడండి, కొనడం ఆ తర్వాత.

ఎందుకంటే ఈ బండ్లు ఒక్క చేతిలో ఉన్నవి కావు. పద్మిని పేరు 1974లో వచ్చింది, తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది, ఈ మధ్యలో ఎన్ని షెడ్లు ఎక్కి దిగిందో ఆర్‌సీ పుస్తకంలో ఉండదు. స్పేర్ దొరకని రోజున, లేదా ఓనరు డబ్బు పెట్టనన్న రోజున, ఆ పూటకి బండి కదిలేలా ఎవరో ఒక వెల్డింగ్ పెట్టి ఉంటారు, ఒక రేకు చుట్టి ఉంటారు. ఆ పూట గడిచింది, రిపేరు మాత్రం అక్కడే ఉండిపోయింది, దాని మీద రంగు పడింది, తారు పడింది, తర్వాత కొన్నవాళ్లకి అది కంపెనీ భాగంలాగే కనిపిస్తుంది. దాని పక్కన కొత్త బుష్షు వేస్తే చప్పుడు పోతుంది, ప్రమాదం పోదు. నిజానికి చప్పుడు పోయాక మీరు ధైర్యంగా 80లో వెళ్తారు, నాకు అదే భయం.

1. కడగక ముందే చూడండి

విప్పే ముందు రోజు బండిని సర్వీసింగ్‌కి తీసుకెళ్లి అడుగంతా ప్రెషర్ నీళ్లతో కొట్టిస్తుంటారు. వద్దు, ఇప్పుడే వద్దు. ఆ మురికి చాలా విషయాలు చెబుతుంది. అన్ని బోల్టులూ ఒకే రకంగా తుప్పు పట్టి ఉంటే ఒక్క బోల్టు మాత్రం వేరే తలకాయతో ఉందా? ముందు చక్రాల్ని బాడీకి కలిపే నాలుగు ఆర్ములలో ఒకదానికే బ్రష్షుతో నల్లరంగు వేశారా? అడుగున తారు పూత ఒక్క చోటే మందంగా ఉందా? ఇవన్నీ ఫోనులో ఫొటోలు తీసుకోండి, కుడి వైపు ఏ కోణంలో తీశారో ఎడమ వైపూ అదే కోణంలో. సస్పెన్షన్‌లో రెండు వైపులా ఉండేది ఒకటే కాబట్టి తేడా కనిపించిన చోటల్లా ఒక కథ ఉంటుంది. మీ దగ్గర కంపెనీ మాన్యువల్ లేకపోయినా ఈ కుడి ఎడమ పోలిక ఉంటే సగం పని అయిపోతుంది.

తర్వాత కొలతలు. సమానంగా ఉన్న నేల, నాలుగు టైర్లలో సరైన గాలి, డిక్కీ ఖాళీ, స్టీరింగ్ నేరుగా. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా ఎత్తు రెండు వైపులా రాసుకోండి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి దూరం కూడా రెండు వైపులా కొలవండి, ఈ బండికి అది 2340 మి.మీ. ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అంటే టేపు పట్టుకోవడంలో తేడా అనుకోవచ్చు. ఒక వైపు సెంటీమీటరు, ఆపైన తక్కువ వచ్చిందంటే మాత్రం ఏదో ఒక ఆర్మ్ వంగింది, లేదా వెనక కమాన్ కట్ట (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగు) సెంటర్ బోల్టు తెగి ఆక్సిల్ జరిగింది, లేదా బాడీకి ఆర్మ్ పట్టే చోటే జరిగిపోయింది. మూడోది అయితే పని పెద్దది, అది ముందే తెలియడం మంచిది.

ఇక ఊపి చూడటం. ముందు చక్రం గాల్లోకి లేపి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి. లూజు తెలిస్తే లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కమనండి. తొక్కగానే లూజు పోతే అది వీల్ బేరింగు, తొక్కినా అలాగే ఉంటే కింగ్ పిన్నో ఆర్మ్ బుష్షో. పక్కలకి పట్టుకుని ఊపితే వచ్చే లూజు ఎక్కువగా టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) ఎండ్‌ది.

2. ఎత్తడం, స్ప్రింగు తీయడం

దీని గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. ఇటుకల మీద బండి నిలబెట్టి కింద దూరొద్దు. సిమెంటు ఇటుక పగిలేటప్పుడు ముందుగా చప్పుడు చేసి చెప్పదు. స్టాండ్లు కొనండి, లేదా అద్దెకి తెచ్చుకోండి, జాకీని మాత్రం నమ్ముకోవద్దు. స్టాండు పెట్టే చోటు కూడా ముందు స్క్రూ డ్రైవర్‌తో పొడిచి చూడండి, అది తుప్పు మీద పుట్టీ అయితే స్టాండు లోపలికి దిగిపోతుంది.

ముందు కాయిల్ స్ప్రింగు బండి బరువు మోస్తూ నొక్కుకుని ఉంటుంది. కింది ఆర్మ్ ఒక్కసారిగా వదిలితే అది తుపాకీ గుండులా వస్తుంది, చేతి ఎముకలు పోయినవాళ్లున్నారు. స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగుని నొక్కి పట్టే పనిముట్టు) రెండు వైపులా ఎదురెదురుగా బిగించి, స్ప్రింగు మధ్య నుంచి ఒక గొలుసు తోసి బాడీకి కట్టి, ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా దించండి. మీ ముఖం, మోకాళ్లు దాని దారిలో ఉండకూడదు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే ఇంతకు ముందు ఎవరైనా స్ప్రింగు కోసి ఉంటే, దాని చివర సీటులో సరిగ్గా కూర్చోక పక్కకి ఒరిగి ఉంటుంది, దించేటప్పుడు అనుకోని వైపు జారుతుంది. కాబట్టి టార్చి వేసి ముందు ఆ చివర చూడండి.

3. ఇనుము కనిపించేదాకా శుభ్రం

డీజిలు, వైర్ బ్రష్, పాత గుడ్డలు. రంగు కూడా పోవాలి. అయితే పగుళ్లు వెతకాల్సిన భాగాలకి శాండ్ బ్లాస్టింగ్ ముందే చేయించకండి. ఇసుక దెబ్బలకి లోహం పైపొర నలిగి సన్నని పగులు నోరు మూసుకుంటుంది, తర్వాత ఏ రంగు పూసినా దొరకదు. పెయింట్ రిమూవర్ పూసి గీకడం మేలు. స్ప్రింగుల్ని తుప్పు వదలడానికి యాసిడ్‌లో ముంచమని ఎవరైనా చెప్తే వినొద్దు. అంత గట్టి ఉక్కులోకి యాసిడ్ నుంచి హైడ్రోజన్ దూరి పెళుసుగా చేస్తుంది, బిగించిన కొన్నాళ్లకి ఉన్నట్టుండి విరుగుతుంది.

పగులు పట్టుకోవడానికి వెల్డింగ్ సామాను అమ్మే షాపుల్లో మూడు స్ప్రే డబ్బాల సెట్టు దొరుకుతుంది. క్లీనర్, ఎర్ర రంగు, తెల్ల డెవలపర్. తుడిచిన భాగం మీద ఎర్రది కొట్టి పది పదిహేను నిమిషాలు వదిలేసి, క్లీనర్ గుడ్డకి పట్టించి తుడవాలి (నేరుగా భాగం మీద కొడితే పగులులో ఉన్న రంగూ పోతుంది), తర్వాత తెల్లది పల్చగా కొట్టాలి. పగులుంటే ఆ తెలుపు మీద ఎర్ర గీత మెల్లగా పైకి వస్తుంది. ఇది దొరకని ఊళ్లో పాత పద్ధతి ఉంది, కిరోసిన్‌లో నానబెట్టి, ఆరతుడిచి, సుద్దపొడి పూయండి. పగులు ఉన్న చోట సుద్ద తడిసి గీత పడుతుంది. వెతకాల్సింది వంపుల దగ్గర, రంధ్రాల చుట్టూ, పాత వెల్డింగ్ అంచున. వెల్డింగ్ మధ్యలో కాదు, దాని పక్కనే, వేడికి గుణం మారిన చోట.

4. ఒక్కో భాగంలో ఏం దొరుకుతుంది

కింగ్ పిన్. ఇక్కడ అరుగుదల సహజమే, సమస్య దాన్ని ఎలా సర్దారన్నది. నేను ఒక పద్మినిలో పిన్ను బయటికి కొడుతుంటే బుష్షుతో పాటు సన్నటి రేకు ముక్క చుట్టచుట్టుకుని వచ్చింది, చాకుతో విప్పి చూస్తే దాని మీద నూనె డబ్బా రంగు ఇంకా ఉంది, ఆకుపచ్చా పసుపూ. అరిగిన పిన్నుకి, బుష్షుకి మధ్య ఖాళీ నింపడానికి డబ్బా రేకు కోసి దూర్చారు. ఆ రేకు గ్రీజు రంధ్రాన్ని పూర్తిగా మూసేసింది. అంటే ఆ తర్వాత ఓనరు శ్రద్ధగా గ్రీజు గన్ పట్టించినా ఒక్క చుక్క లోపలికి పోలేదు, పిన్ను పొడిగానే తిరిగి నీలం రంగుకి మారింది. అందుకే కొత్త బుష్షు వేశాక నిప్పల్ (గ్రీజు గన్ పట్టించే చిన్న మూతి) నుంచి గ్రీజు ఎక్కించి, అది పైనా కిందా బయటికి రావడం కళ్లతో చూడందే చక్రం ఎక్కించకండి. నిప్పల్ ఉండాల్సిన చోట మామూలు బోల్టు బిగించి ఉంటే అదీ ఇలాంటి గుర్తే. లేత్ మీద పైపు ముక్క తిప్పి చేసిన బుష్షులు కూడా వస్తుంటాయి, అవి పాడేయండి. పిన్ను కదలకుండా పట్టే లాక్ పిన్ ఉందా లేదా అన్నది కూడా చూడాలి.

ఆర్ములు. వెల్డింగ్ చేసిన ఆర్మ్ ఏదైనా సరే, ఎంత అందంగా చేసినా సరే, నా లెక్కలో అది తుక్కు. ఇంట్లో గేటుకి చేసిన వెల్డింగ్ ఊడితే గేటు వాలుతుంది, అంతే. ఇక్కడ ఊడితే చక్రం లోపలికి మడత పడుతుంది, అదీ బ్రేకు తొక్కినప్పుడే, ఎందుకంటే అప్పుడే ఆర్మ్ మీద బలం ఎక్కువ. గ్యాస్ మంటతో కాల్చి సరిచేసిన ఆర్ములు గుర్తుపట్టడం కష్టం, కానీ సుత్తి దెబ్బల గుంటలు, ఒకచోట మాత్రమే గరుకుగా పొరలుగా ఉన్న ఉపరితలం అనుమానానికి సరిపోతాయి. రెండు వైపుల ఆర్ములూ ఒకదాని మీద ఒకటి పెట్టి రంధ్రాల్లోంచి కడ్డీ దూర్చి చూడండి, వంపు అక్కడే బయటపడుతుంది. ఇంకో సాధారణ రిపేరు, కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిన రంధ్రం చుట్టూ వాషర్ వెల్డ్ చేయడం. అదీ తుక్కే.

బోల్టులు. ఇవి చిన్నవి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సస్పెన్షన్ బోల్టు తల మీద 8.8 లేదా 10.9 అని గుర్తు ఉండాలి. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల దాకా తెగదు, 640 దగ్గర సాగడం మొదలవుతుంది. హార్డ్‌వేర్ షాపులో తూకానికి అమ్మే 4.6 బోల్టు 400కే తెగుతుంది, 240కే సాగుతుంది. చూడటానికి రెండూ ఒకటే. పైగా ఆ బోల్టుకి తల దాకా థ్రెడ్ ఉంటుంది. బుష్షు లోపల కూర్చునే చోట నున్నటి కడ్డీ ఉండాలి. 12 మి.మీ. బోల్టులో నున్నటి చోట 113 చదరపు మి.మీ. లోహం బరువు మోస్తే, థ్రెడ్ ఉన్న చోట మోసేది దాదాపు 84 మాత్రమే, ఆ థ్రెడ్ గాట్లు రంధ్రాన్ని ఆకురాయిలా అరగదీస్తాయి కూడా. ఫియట్‌ది మెట్రిక్ థ్రెడ్, 10 మి.మీ. బోల్టులకి పిచ్ (ఒక థ్రెడ్ నుంచి పక్క థ్రెడ్‌కి దూరం) 1.25 మి.మీ. బజార్లో మామూలుగా ఇచ్చేది 1.5. పక్క షెడ్డులో అంబాసిడర్ నుంచి తీసిన మూడు బై ఎనిమిది అంగుళాల బోల్టు కూడా ఆ రంధ్రంలో దూరిపోతుంది, పానాతో బలవంతంగా తిప్పితే బిగిసినట్టే అనిపిస్తుంది, పట్టు మాత్రం రెండు మూడు థ్రెడ్ల మీదే. స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా దూర్చి కాళ్లు మడిచే పిన్ను) ఉండాల్సిన చోట మేకు, బైండింగ్ వైర్ దొరకడం ఎంత మామూలంటే, నేను వాటిని వేరే డబ్బాలో దాచడం కూడా మానేశాను. టై రాడ్ నట్టుకి మేకు ఉందంటే మిగతా స్టీరింగ్ భాగాలన్నీ అనుమానంతోనే చూడండి.

కాయిల్ స్ప్రింగులు. రెండూ పక్కపక్కన నిలబెట్టండి. ఎత్తు ఒకటేనా, చుట్లు ఒకటేనా, చివరలు ఒకేలా ఉన్నాయా. వెర్నియర్‌తో కడ్డీ మందం కొలవండి. ఒక మిల్లీమీటరే కదా అనుకోకండి, స్ప్రింగు గట్టిదనం కడ్డీ మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది, 12 బదులు 13 మి.మీ. అయితే మిగతావన్నీ సమానంగా ఉన్నా మూడో వంతుకు పైగా గట్టిపడుతుంది. ఒక వైపు ఒకటి, రెండో వైపు ఇంకొకటి ఉన్న బండి తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఎటు తిరుగుతుందో చెప్పలేం. కూర్చుండిపోయిన స్ప్రింగు కింద టైరు ముక్కలు, చెక్క, పైపు ముక్క పెట్టి ఎత్తు పెంచి ఉంటారు, చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చి ఉంటారు. బఫర్ పెట్టిన చుట్టు పని మానేస్తుంది, దాని వంతు పని కూడా మిగతా చుట్ల మీద పడుతుంది, అవి అలసి విరుగుతాయి. జతగా మార్చడం తప్ప ఇక్కడ వేరే దారి లేదు.

వెనక కమాన్ కట్టలు. విరిగిన పట్టీకి వెల్డింగ్ పెట్టి ఉంటే వెంటనే తీసేయండి. ఆ ఉక్కులో కార్బన్ ఎక్కువ, వెల్డింగ్ పక్కన గాజులా అవుతుంది. ఇంకో బండి పట్టీ ఒకటి అదనంగా దూర్చి బలం పెంచిన కట్టలు కూడా చాలా ఉంటాయి. వాటిని విప్పి, పట్టీ పొడవు, వంపు, మందం ఒక్కొక్కటి చూడండి, వరసలో ఇమడనిది తేలికగానే దొరుకుతుంది. యూ బోల్టులు (ఆక్సిల్‌ని కట్టకి పట్టి ఉంచే యూ ఆకారపు బోల్టులు) పాతవి మళ్లీ వాడొద్దు, అవి సాగి ఉంటాయి, కొత్తవి పెద్ద ఖర్చు కాదు.

షాక్ అబ్జార్బర్ల గురించి ఎక్కువ చెప్పను. రంధ్రం పెట్టి నూనె పోసి మళ్లీ వెల్డ్ చేసినవి దొరికితే మార్చండి, అంతే.

5. బాడీకి పట్టే చోట్లు

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందరూ వదిలేసేదీ ఇదే. ఈ కారుకి లారీలా వేరే ఛాసీ లేదు, బాడీనే ఛాసీ. ఆర్మ్, స్ప్రింగు పట్టుకునేది మడిచిన రేకు పెట్టెల్ని. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తిరిగిన బండి అయితే ఆ పెట్టెలు లోపలి నుంచి తుప్పు తింటాయి, బయటికి కనపడేసరికి లోపల సగం పోయి ఉంటుంది.

పరీక్ష చెప్తాను. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి వరసగా జరపండి, పట్టు సడలిన చోట పుట్టీ ఉంది. చిన్న సుత్తితో తట్టండి, మంచి రేకు ఖంగున మోగుతుంది, పుట్టీ గానీ పొరలు పొరలుగా తుప్పు గానీ ఉంటే మొద్దుగా వినిపిస్తుంది. తారు పూత మందంగా ఉన్న చోట గీకేయండి, జాలి పడొద్దు. వెనక కమాన్ ముందు కొస పట్టే బ్రాకెట్ దగ్గర ఒకసారి అలా గీకితే, పైన తారు, దాని కింద నాలుగు చోట్ల మాత్రమే టాక్ (చుక్క వెల్డింగ్) పెట్టిన రేకు, ఆ రేకు వెనక కుక్కిన గోనె గుడ్డ, దాని వెనక ఇంకో పాత రేకు, అన్నిటికీ వెనక అసలు పెట్టె ఉండాల్సిన చోట గోరుతో నొక్కితే రాలిపోయే ఎర్రటి పొడి. గోనె ఎప్పుడూ తడిగానే ఉంది, ఆ తడే మిగిలిన రేకునీ తినేసింది. ఆ బ్రాకెట్టే కుటుంబమంతా కూర్చునే వెనక భాగం బరువు మోస్తోంది.

ఇలాంటిది దొరికితే రేకు మీద రేకు అతికించడం పరిష్కారం కాదు. మంచి ఇనుము వచ్చేదాకా కోసి, అదే మందం రేకుతో అదే ఆకారంలో ముక్క మడిచి, అంచు పొడవునా వెల్డింగ్ చేయాలి. కోసే ముందు నాలుగు మూలల కొలతలు రాసుకుని, బ్రాకెట్ కదలకుండా తాత్కాలికంగా ఒక యాంగిల్ ముక్క వెల్డ్ చేసి పట్టి ఉంచాలి, లేకపోతే బ్రాకెట్ కొత్త చోట కూర్చుంటుంది, ఆక్సిల్ వంకర పోతుంది. మిగ్ వెల్డింగ్ (సన్నటి తీగతో చేసేది) ఉన్న టింకరింగ్ షెడ్డు చూసుకోండి, మందపాటి రాడ్డుతో ఆర్క్ వెల్డింగ్ చేస్తే పల్చటి రేకు చిల్లులు పడుతుంది. బ్యాటరీ విప్పేయండి, పెట్రోలు ట్యాంకు, పైపు దగ్గర్లో ఉంటే దించేయండి, పక్కన మంటలార్పే సిలిండర్, తడి గోనె ఉంచండి. పని అయ్యాక పెట్టె లోపలికి మైనం లాంటి తుప్పు నివారిణి కొట్టి, నీళ్లు పోయే రంధ్రాలు తెరిచే ఉంచాలి.

ఇంకో మాట. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటిన కార్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, కానీ ఛాసీలో, బాడీ షెల్‌లో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మొదటి పద్మినిలు ఆ వయసు దాటాయి. కాబట్టి బలం కోసమని ఇష్టం వచ్చినట్టు యాంగిల్స్ వెల్డ్ చేయించొద్దు, ఉన్నది ఉన్నట్టు నిలబెట్టండి, ప్రతి దశకీ ఫొటో ఉంచుకోండి.

6. ఇప్పుడు కొనండి

ఇప్పటికి మీ దగ్గర అసలైన జాబితా ఉంటుంది. హైదరాబాద్‌లో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్ తిరగండి. ముంబయిలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి, కొత్త స్పేర్ల గిరాకీ తగ్గిపోతోంది కాబట్టి కనిపించిన మంచి సరుకు వదలొద్దు. వాడిన ఆర్మ్ కొంటే ఎర్ర రంగు పరీక్ష దానికీ చేయాలి, అది ఇంకొకరి బండిలో రిపేరైన ఆర్మ్ కావచ్చు. కొత్త బుష్షులు గోరుతో నొక్కి చూడండి, రాయిలా గట్టిగా ఉన్న రబ్బరు ఏళ్ల తరబడి షాపులో పడి ఉన్నది.

7. బిగించడం

రబ్బరు బుష్షుల బోల్టులు బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకండి. వదులుగా పెట్టి, చక్రాలు ఎక్కించి, బండి నేల మీద నిలబెట్టి, రెండు మూడు సార్లు ముందూ వెనకా కదిపి కుదురుకున్నాక అప్పుడు బిగించాలి. గాల్లోనే బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలి తిరిగి ఉంటుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది, మళ్లీ చప్పుడు. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) వాడండి. బిగించిన ప్రతి బోల్టు మీదా పెయింట్ పెన్నుతో తల నుంచి బాడీ మీదికి ఒక గీత గీయండి, ఎప్పుడైనా వదులైతే గీత తప్పి కనిపిస్తుంది. స్ప్లిట్ పిన్ రంధ్రం కుదరకపోతే నట్టుని వెనక్కి తిప్పొద్దు, ఇంకొంచెం ముందుకి బిగించి కుదర్చండి.

మొదట ఖాళీ రోడ్డు మీద 30లో, స్టీరింగ్ వదులుగా పట్టుకుని బ్రేకు వేసి చూడండి. తర్వాత వీల్ అలైన్‌మెంట్. వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, ఆర్మ్ బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో చూడాలి, కమాన్ కట్ట కుదురుకునేసరికి యూ బోల్టులు తప్పకుండా కొంత వదులవుతాయి.

తీసేసిన ఆర్ములు, వెల్డింగ్ చేసిన పట్టీలు, కోసిన స్ప్రింగులు పాత సామానువాళ్లకి అలాగే ఇవ్వకండి. వాటికి ఒక పూత రంగు పడితే చాలు, వచ్చే నెల ఇంకో ఫియట్ కిందికి ఎక్కుతాయి. గ్రైండర్‌తో ప్రతి ఆర్మ్‌నీ రెండు ముక్కలు కోయండి, రంధ్రం మధ్య నుంచి, మళ్లీ ఎవరూ అతికించలేని చోట, అప్పుడు తూకానికి వేయండి.